తార్నాక మీదుగా మసాయిమారా

కెన్యాలోని మసాయిమారాలో సఫారీకి టికెట్లు కొన్న హైదరాబాదీ ముందుగా నారాయణగూడ దారి పట్టాలి. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఎల్లో ఫీవర్ టీకా వేసి పసుప్పచ్చ కార్డు చేతికిస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెట్టే అధికారం మన విమానాశ్రయం వాళ్లకుంది. ఇక డాక్టరు మలేరియా మాత్రలు రాస్తాడు. మలేరియా కథలో మన ఊరికీ ఒక పేజీ ఉంది: దోమ కడుపులో ఆ క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది సికింద్రాబాద్‌లోనే. బేగంపేటలో ఆయన పేరు మోస్తున్న భవనం ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది.

ఒంటికి ఇన్ని జాగ్రత్తలు చెప్పేవాళ్లున్నారు. కళ్లకు చెప్పేవాళ్లే లేరు. లక్షలు పోసి వెళ్లినవాళ్లు ఫోన్ నిండా సింహాలతో తిరిగొస్తారు. ఆ సింహం ఆ పొద వెనక ఉందని గైడుకు ఎలా తెలిసిందో అడగండి, చాలామంది నీళ్లు నములుతారు. నన్నడిగితే సఫారీలో డబ్బు పెట్టి కొనుక్కోవలసింది ఆ ‘ఎలా తెలిసింది’ అన్న సంగతే. దానికి ఓనమాలు దిద్దుకునే చోటు తార్నాక చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.

సింహం రోజులో 20 గంటల దాకా పడుకునే ఉంటుంది. పసుపు గడ్డిలో పసుపు ఒళ్లు, కదలిక లేదు. దాన్ని వెతుక్కుంటూ పోతే దొరకదు. గైడు మిగతా జంతువుల్ని చూస్తాడు. ఇంపాలా జింకల మంద మేత మానేసి అంతా ఒకే దిక్కుకు తల తిప్పి నిలబడిందంటే అటువైపు ఏదో ఉంది. రాబందులు చెట్టు మీద కూర్చుని కిందికి దిగడం లేదంటే, వేటాడిన జంతువు ఇంకా భోజనం దగ్గరే ఉంది. మట్టిలో అడుగు అంచు పదునుగా ఉంటే తాజాది, గాలికి రాలి మొండిబారితే పాతది. ఇదంతా గాలివాటు విద్య కాదు. కెన్యాలో సఫారీ గైడుల సంఘం పెట్టే పరీక్షలకు మూడు మెట్లున్నాయి: కాంస్యం, రజతం, స్వర్ణం. దక్షిణాఫ్రికాలో రాతపరీక్షతో పాటు అడవిలో నిలబెట్టి అడిగే పరీక్ష కూడా ఉంటుంది.

మంచి గైడును ఎలా పోల్చుకోవాలి? రేడియోలో ‘అక్కడ చీతా ఉంది’ అని వినగానే బండి అటు ఉరికించేవాడు కాదు. మారాలో ఒక జంతువు చుట్టూ ఐదు బండ్లకు మించి చేరకూడదని నియమం ఉంది. సీజన్‌లో దాన్ని ఎవరు ఎంత పాటిస్తారో వీడియోల్లో చూస్తూనే ఉన్నాం. చీతా పగలు వేటాడే జంతువు. జీపులు దారి కడితే దాని నోటి దగ్గర కూడు పోయినట్టే. ఫెమ్కే బ్రూక్‌హాయిస్ అనే పరిశోధకురాలు 2018లో ప్రచురించిన మారా అధ్యయనం చెప్పింది ఇది: పర్యాటకులు తక్కువున్న చోట ఒక్కో తల్లి చీతా సగటున రెండుకు పైగా కూనల్ని పెద్దచేస్తుంటే, రద్దీ చోట్ల ఐదు తల్లులకు కలిపి ఒక్క కూన మిగులుతోంది. ‘దగ్గరికి పోనివ్వు భయ్యా’ అని గైడును తొందరపెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు ఆ ఓనమాల చోటుకు, ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) క్యాంపస్‌కు వద్దాం.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు ఉదయం వాకింగ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. వాటిని తీసేస్తే పాఠం మొదలవుతుంది. ఎండిన గడ్డి, రాతిగుట్టలు, తుప్పలు, పాత చెట్లు ఇంకా మిగిలున్న క్యాంపస్ ఇది. నెమళ్ల అరుపు హాస్టళ్ల దాకా వినిపిస్తుంది. తీతువు పిట్టను చూడండి. దాని అరుపు చెడ్డ శకునమని మన పల్లెల్లో తిట్టుకుంటారు. నిజానికి అది కాపలా పిట్ట. నేల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి కుక్క వచ్చినా, పాము కదిలినా, మనిషి అడుగు పడినా ముందు అదే గోల చేస్తుంది. మారా గడ్డి మైదానంలో దాని దాయాది బ్లాక్‌స్మిత్ లాప్‌వింగ్ ఇదే ఉద్యోగం చేస్తుంది. ఆ కేక విని గైడు బండి ఆపుతాడు. క్యాంపస్‌లోని లాండ్‌స్కేప్ గార్డెన్ వైపు తీతువు ఎప్పుడు మామూలుగా కూస్తుందో, ఎప్పుడు కంగారుగా కూస్తుందో రెండు వారాలు వింటే తేడా పట్టుబడుతుంది. గోరింకలు ఒక పొద చుట్టూ చేరి చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే కింద పామో ముంగిసో పిల్లో ఉండే ఉంటుంది. దగ్గరికి పోకండి, దూరం నుంచే చూడండి. సఫారీలోనూ ఇదే మర్యాద.

చుట్టరికాలు ఇంకా ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట తీగ మీద కూర్చున్నట్టే, దాని ఊదారంగు గుండె బంధువు లైలాక్ రోలర్ మారాలో తుమ్మకొమ్మ మీద కూర్చుంటుంది. పర్యాటకులు సింహం తర్వాత ఎక్కువగా ఫొటో తీసేది దాన్నేమో. గేదెల కాళ్ల దగ్గర పురుగులేరుకునే తెల్ల కొంగకు అక్కడ ఏనుగులూ అడవిదున్నలూ దొరికాయి, అంతే తేడా. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి ఎలుకపై పడే నల్లరెక్కల చిన్న గద్ద అయితే రెండు చోట్లా ఒకే జాతి.

వీటన్నిటికన్నా నాకిష్టమైన అతిథి చాతకం. నలుపు తెలుపు ఒళ్లు, తల మీద కుచ్చు. తొలకరి మబ్బులతో పాటు వస్తుంది. మన దేశపు ఉత్తర, మధ్య ప్రాంతాలకు వచ్చేవి అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా నుంచి వస్తాయి. దక్షిణాదిలో ఏడాదంతా ఇక్కడే ఉండే గుంపు కూడా ఒకటుంది. దక్కను నడుమ ఉన్న తార్నాక చెట్టు మీద కూర్చున్నది ఏ గుంపుదో బైనాక్యులర్స్‌తో తేల్చలేం. అయినా జూన్‌లో దాని కూత వింటే, వీసా లేకుండా ఆఫ్రికా మన ఇంటికొచ్చిందనుకోవడంలో తప్పేం లేదు.

ఈ నేల పక్షుల్ని లెక్క రాయించినవాడు నిజాం. ఆయన ప్రభుత్వం డబ్బిచ్చి 1931-32లో సలీం అలీతో హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వే చేయించింది. 1980 నుంచి నగర పక్షి ప్రేమికుల సంఘం ఒకటి నడుస్తోంది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. తొలిసారి బైనాక్యులర్స్ పట్టేవాళ్లు ఇలాంటివాళ్ల వెంట నడవడమే సుఖం.

తార్నాకలో ఆఫ్రికా ఇంకో రూపంలోనూ ఉంది. సుడాన్, సోమాలియా లాంటి దేశాల నుంచి వచ్చి ఓయూలో చదువుకునే విద్యార్థులు ఈ సందుల్లోనే అద్దెకుంటారు. ‘మీ ఇంటి దగ్గర సింహాలుంటాయా?’ అని వాళ్లను అడిగే మనవాళ్లకు, హైదరాబాద్‌లో వీధికో ఏనుగు తిరుగుతుందా అని ఎదురడిగితే ఎలా ఉంటుందో.

తార్నాక దాటి హబ్సిగూడ వెళ్తే రోడ్డు పక్కన సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనశాల. అక్కడి చూపు ఇంకో రకం. జంతువు కనబడనక్కర్లేదు. రాలిన వెంట్రుక, ఎండిన పెంట, వేటగాడి సంచిలో దొరికిన మాంసపు ముక్క చాలు, డీఎన్ఏ చదివి ఏ జాతిదో చెప్పేస్తారు. ఈ విద్యను దేశంలో నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు లాల్జీ సింగ్. ఒక చోటి గుంపుతో మరో చోటి గుంపు కలిస్తే ఎంత నష్టమో మన జూలు అనుభవించాయి. సర్కస్‌ల నుంచి వచ్చిన ఆఫ్రికా సింహాలతో గిర్ సింహాలు కలిసి చండీగఢ్ దగ్గరి ఛత్‌బీర్ జూలో సంకర సంతతి పెరిగింది. చూపులకు అవి మామూలు సింహాలే. వాటి సంతానాన్ని ఆపాల్సొచ్చింది. 2025 లెక్కలో గిర్ సింహాలు 891. ఆ గుంపు రక్తం ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన హైదరాబాద్ జూపార్కుకూ సీసీఎంబీకీ పాత స్నేహం. 2021 మేలో జూలోని ఎనిమిది సింహాలకు కరోనా ఉందని తేల్చింది సీసీఎంబీకి చెందిన అత్తాపూర్ ల్యాబ్ లాకోన్స్. 2010లో ఈ రెండు సంస్థలూ కలిసి మూషిక జింకల్ని పెంచడం మొదలుపెట్టాయి. 2017 నుంచి వాటిని అమ్రాబాద్ అడవిలో వదిలిపెడుతున్నారు. కుందేలంత ఉండే ఈ జంతువు ఏ సఫారీ బ్రోషర్‌లోనూ కనిపించదు. బిగ్ ఫైవ్ అనే జాబితా, అంటే ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న, సింహం, చిరుత, కాలినడకన వేటాడడానికి కష్టమైనవని వేటగాళ్లు వేసుకున్న పట్టిక. తుపాకులు పోయి కెమెరాలు వచ్చినా పట్టిక మాత్రం మారలేదు.

చీతా విషయంలో ఆఫ్రికాతో మన లెక్క ఇంకా తెగలేదు. చిత్తూరు జిల్లాలో చీతాను చూసినట్టు కర్క్‌పాట్రిక్ అనే ఆయన 1952లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. అప్పటికే దేశంలో అవి దాదాపు కనుమరుగు. 2000 తర్వాతి ఏళ్లలో ఇరాన్ చీతా నుంచి కణాలు తెచ్చి క్లోనింగ్ చేయాలని లాల్జీ సింగ్ బృందం ప్రయత్నిస్తే ఇరాన్ ఒప్పుకోలేదు. సౌదీ యువరాజు ఇచ్చిన ఆఫ్రికా చీతాలు అబ్దుల్లా, హిబా మన జూలో కొన్నేళ్లు ఉండి, హిబా 2020లో, అబ్దుల్లా 2023లో చనిపోయాయి. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలు కూనో జాతీయ పార్కులో దిగాయి. ఇవి మన చీతాలేనా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తోంది. నా మట్టుకు గడ్డి మైదానాలు కాపాడకుండా విమానంలో తెచ్చే జంతువు మీద నాకంత నమ్మకం లేదు.

చివరగా కాస్త లెక్క. లక్షల వైల్డ్‌బీస్ట్‌లు మారా నది దాటేది జులై నుంచి అక్టోబరు వరకు. మన అమ్రాబాద్ టైగర్ రిజర్వు వానాకాలం మూడు నెలలూ మూసి ఉంటుంది కాబట్టి రెండిటికీ తగవు లేదు. చలికాలంలో శ్రీశైలం రోడ్డు పట్టి మన్ననూరు వెళ్లండి. అటవీశాఖ సఫారీలో గైడుగా చెంచు కుర్రాడు దొరికితే అదృష్టం. 2,611 చదరపు కిలోమీటర్ల రిజర్వులో పులి కనబడుతుందని అతను మాట ఇవ్వడు. నేల మీది గుర్తు చూపిస్తే, ఇది ఎప్పటిదో ఎలా తెలిసిందని అడగండి. జూన్‌లో ఓయూలో చాతకం కోసం చెవి పెట్టండి. నారాయణగూడలో టీకా జులైలో. ఆగస్టులో మారాలో జీపెక్కాక గైడు పక్క సీటు అడిగి మరీ తీసుకోండి.