పదోన్నతికి సీనియారిటీ ఒక్కటే చాలదు

ప్రభుత్వోద్యోగి పదోన్నతికి సీనియారిటీతో పాటు నిర్దేశిత శాఖాపరమైన పరీక్షలలో ఉత్తీర్ణత కూడా ఆవశ్యకం. 1996లో జారీ అయిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు సెప్టెంబరు 1ని అర్హతా తేదీగా నిర్ణయించి, ఆ ప్యానెల్ గరిష్ఠంగా మరుసటి ఏడాది డిసెంబరు 31 వరకు చెల్లుబాటు కాగలదని పేర్కొన్నాయి. అర్హతా తేదీ నాటికి పరీక్ష పూర్తి చేయని సీనియరు పేరు ఆ ప్యానెల్‌లో చేరదు; అర్హత గల జూనియరుకు అవకాశం లభిస్తుంది.

ఎంపిక పోస్టులకు ప్రతిభ, సామర్థ్యాలే ప్రధానం. అవి దాదాపు సమానమైనపుడే సీనియారిటీ పరిగణనకు వస్తుంది. ఇతర పోస్టులకు సీనియారిటీ, యోగ్యత ఆధారం.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే ఈ పరీక్షల ఉత్తీర్ణతను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవడం, సీనియారిటీ జాబితాపై అభ్యంతరాలను గడువులోగా లిఖితపూర్వకంగా తెలపడం ఉద్యోగి బాధ్యత. ఖాళీలను అంచనా వేసి ప్యానెల్‌ను సకాలంలో రూపొందించడం అధికారుల విధి.