‘మైనరు’ అను మాట

శామీరుపేట పెద్దచెరువు కట్టపై నిలిచి చూచిన వారెవరును దానిని చిన్నదని అనరు. అయినను ఇట్టి చెరువుల క్రింది సేద్యమునకు ప్రభుత్వ లెక్కలలో ‘మైనరు ఇరిగేషను’ అని పేరు. ఇందలి మర్మమేమి?

మైనరు అను మాట లాటిను నుండి ఆంగ్లమునకు వచ్చినది. దాని అర్థము ‘చిన్నది’ అని కాదు. ‘మరియొకదానికంటె చిన్నది’ అని. కావున ఆ మాట వినబడినప్పుడెల్ల ‘దేనికంటె?’ అని అడుగవలెను. సేద్యమున కొలబద్ద ఆయకట్టు. 2,000 హెక్టార్ల వరకు మైనరు, 10,000 వరకు మీడియము, ఆపైన మేజరు. కట్ట పొడవు గాని, నీటి లోతు గాని ఇందు లెక్కకు రావు. మన పల్లెవారికి మాత్రము ఆ మైనరులోనే చెరువు వేరు, కుంట వేరు.

ఊరి మాటలో ‘మైనరు బాబు’ అనగా పెద్దల ఆస్తిపై షోకులు చేయు పడుచువాడు. న్యాయస్థానమున 18 ఏండ్లు నిండని వ్యక్తి మైనరు. అచట ఆ మాట చిన్నచూపు కాదు, రక్షణ. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము బిడ్డకు చెందిన భూమిని కన్నతండ్రియైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదు.

మేడ్చల్, శామీరుపేటల చుట్టును పొలములు ఇండ్ల స్థలములగుచున్నవి. పొలము పోయినచో ఆయకట్టు తగ్గును; లెక్కలో కుంట మరింత చిన్నదగును. కాని వాననీటిని నిలిపి బావులకు ఊట నిచ్చు దాని పని తగ్గదు. బిడ్డ ఆస్తికి చిన్నతనమే రక్ష. కుంటకు అదే శిక్ష కారాదు.