చోటు తప్పిన కొవ్వు

2004లో లాన్సెట్ వైద్య పత్రిక ఇద్దరు డాక్టర్ల ఫొటో అచ్చువేసింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌లో పనిచేసే జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఎవరినీ లావు అనలేం. ఒంట్లో కొవ్వు కొలిస్తే మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం తేలింది. ‘మా ఇంట్లో ఎవరూ లావు కాదు, అయినా షుగర్ ఎందుకొచ్చింది డాక్టర్ గారూ?’ అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ అంకెల్లో ఉంది. మిగతా సగం, ఆ కొవ్వు ఎక్కడ చేరిందన్న దాంట్లో ఉంది.

చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు నిజానికి మనల్ని కాపాడుతుంది. తిన్నదాంట్లో ఖర్చుకాని శక్తిని అక్కడి కణాలు పట్టి దాచుకుంటాయి. కానీ ఆ గాదెకు హద్దుంది, ఆ హద్దు అందరికీ ఒకేలా ఉండదు. గాదె నిండాక ధాన్యాన్ని వంటింట్లో, పడగ్గదిలో పోసుకున్నట్టు, మిగులు కొవ్వు కాలేయంలో, క్లోమంలో, కండరాల్లో, గుండె చుట్టూ చేరుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

దీనికి తిరుగులేని సాక్ష్యం లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు. దాని తీవ్ర రూపంతో పుట్టిన పిల్లలకు చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. నరాలు తేలి, కండలు తిరిగి కనిపిస్తారు. లోపల కాలేయం మాత్రం కొవ్వుతో ఉబ్బిపోయి ఉంటుంది. చిన్న వయసులోనే మొండి మధుమేహం పట్టుకుంటుంది. దాచుకునే చోటు లేకపోవడమే వాళ్ల జబ్బు. ఇక రెండోవైపు చూడండి. 2004లోనే అమెరికాలో 15 మంది స్థూలకాయ మహిళలకు లైపోసక్షన్ చేసి, పొట్ట చర్మం కింద నుంచి సగటున పది కిలోల దాకా కొవ్వు తీశారు. ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్ట్రాల్ ఏదీ మెరుగుపడలేదు. షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్ మాత్ర వేసుకునేవారిలో ఇంకో వింత కనిపిస్తుంది. బరువు కాస్త పెరుగుతుంది, షుగర్ మాత్రం తగ్గుతుంది. కాలేయంలో కొవ్వు తగ్గి, చర్మం కింద పెరగడం అందుకు ఒక కారణం.

కాలేయం సంగతి కాస్త ఆగి తెలుసుకోవాలి. రాత్రంతా మనం ఏమీ తినకపోయినా రక్తంలో గ్లూకోజ్ పడిపోకుండా చూసేది అదే. ఇన్సులిన్ ‘ఇక చాలు’ అంటే అది గ్లూకోజ్ వదలడం ఆపాలి. కణాల్లో కొవ్వు పేరుకుంటే ఆ మాట దాని చెవికెక్కదు. పరగడుపు షుగర్ ఎక్కువగా ఉండటం వెనక తరచూ ఇదే ఉంటుంది. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ ఒత్తిడికి, తిన్న పిండిపదార్థం కాలేయంలో మరింత కొవ్వుగా మారుతుంది. అందులో కొంత రక్తం ద్వారా క్లోమానికి చేరి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలనే నీరుగారుస్తుంది. ఈ విషవలయాన్ని 2008లో ప్రతిపాదించినవారు ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ రాయ్ టేలర్.

మనకు ఈ ముప్పు పుట్టుకతోనే మొదలవుతోంది. పుణె దగ్గరి పల్లెల్లో యాజ్ఞిక్ బృందం తూచిన పసికందుల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌథాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తగ్గింది, కొవ్వు అంతగా తగ్గలేదు. అలాంటి ఒళ్లు పెద్దయ్యాక పూటపూటా తెల్లన్నం తిని, రోజంతా కుర్చీలో గడిపితే ఏమవుతుందో హైదరాబాద్ చూపిస్తోంది. ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ తేలింది. ‘గ్రేడ్ 1 అట, అందరికీ ఉండేదే’ అని స్కానింగ్ రిపోర్టును బీరువాలో పడేస్తున్నారు. నాకు ఆ ధీమాను చూస్తేనే భయం. అందరికీ ఉందంటే అందరూ ప్రమాదంలో ఉన్నారనే.

చోటు తప్పిన కొవ్వు తొందరగా కరగడం మాత్రం మన అదృష్టం. 2011లో టేలర్ 11 మంది షుగర్ రోగులకు రోజుకు 600 కేలరీల ఆహారమే ఇచ్చి చూశారు. వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది, కాలేయంలో కొవ్వు దాదాపు మూడో వంతు తగ్గింది. తర్వాత బ్రిటన్‌లో మామూలు క్లినిక్కుల్లోనే జరిపిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనంలో, ఆరేళ్లలోపు షుగర్ ఉండి ఇలాగే తక్కువ కేలరీల ఆహారం తీసుకున్నవారిలో 46 శాతం మంది ఏడాదికి మందులు లేకుండానే మధుమేహం హద్దు దాటి బయటపడ్డారు. ఎంత ఎక్కువ బరువు తగ్గితే ఫలితం అంత గట్టిగా వచ్చింది. అయితే షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తిండి ఒక్కసారిగా తగ్గించకూడదు. షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కాటా మీద అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. ఒక టేపు తెచ్చుకుని, ఊపిరి వదిలాక, పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య నడుము కొలుచుకోండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పరగడుపు షుగర్, ట్రైగ్లిజరైడ్లు, కాలేయ పరీక్షలు చేయించుకోండి. బరువు మామూలుగానే ఉన్నా సరే, చేయించుకోండి.