శిథిలమైన ఆటయంత్రమును ఉద్ధరించుట

నాణెము వేసి ఆడుకొను నిలువుపెట్టెల వంటి ఆటయంత్రములు ఒకప్పుడు అమెరికా, జపాను దేశముల వినోదశాలలందు వరుసలు దీరి యుండెడివి. వీనిని ఆర్కేడు యంత్రములందురు. ఫోనులో ఆటలాడు మన విద్యార్థులకు అవి వింతగా తోచవచ్చును. అట్టి యంత్రము సగము భాగములు ఊడి, దుమ్ము పట్టి ఏ గోదాములోనో దొరకినపుడు, అది ఏ ఆటయో గుర్తించి, లోపించినవి సమకూర్చి మరల నడిపించుట యొక విద్య. తెలుగు చెప్పు మాకు దీనితో పనియేమని తల్లిదండ్రు లడుగవచ్చును. చెదలు తినిన తాళపత్రమును పరిష్కరించుటకును దీనికిని పోలిక మెండు.

స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటనే తీసికొందము. దీనిని జపానులోని టైటో కంపెనీకి చెందిన టొమొహిరో నిషికాడో 1978లో రూపొందించెను. అమెరికాలో మిడ్‌వే కంపెనీ అనుమతి పొంది తయారుచేసెను. వరుసకు 11 చొప్పున 5 వరుసలుగా 55 మంది శత్రువులు ఆకాశమునుండి దిగివచ్చుచుందురు. క్రిందనున్న ఫిరంగితో వారిని కూల్చవలెను.

మిడ్‌వే వారి నిలువుపెట్టె యొకటి దొరకినదనుకొందము. ప్రక్కనున్న బొమ్మలపై ఎవరో రంగు పూసిరి. పేరుపలక లేదు. తీగలన్నియు పరీక్షించిన పిమ్మట విద్యుత్తు నిచ్చి చూడగా, తెరమీది అక్షరములు కుడియెడమలు తారుమారై కనబడినవి. తెలియనివాడు తెర చెడినదనును, తెలిసినవాడు సంతోషించును. ఏలయన, ఈ పెట్టెలో మానిటరు అడుగుభాగమున నుండును. ఆటగాడు చూచునది సగము పారదర్శకమైన అద్దములోని ప్రతిబింబమును మాత్రమే. అద్దము వెనుకనున్న చంద్రమండలపు చిత్రము కూడ దానిగుండ కనబడి, శత్రువులు ఆ నేలపై తేలుచున్నట్లు తోచును. ప్రతిబింబము సరిగా నుండుటకై తెరమీది బొమ్మను తిరుగవేసి చూపుదురు. కావున తిరుగబడిన ఆ అక్షరములే, లోపించిన అద్దమునకు సాక్ష్యము.

రంగుల విషయమును ఇట్టిదే. ఆ పిక్చరు ట్యూబు తెలుపు నలుపులది. పైన ఎరుపు, క్రింద ఆకుపచ్చ కనబడుటకు రంగుల పారదర్శకపు పట్టీలే కారణము. పట్టీలు ఊడిపోయినచో సర్వము తెల్లగా కనబడును. అది చూచి రంగుల మానిటరు కొని తెచ్చి బిగించుట, పాత పద్యములో క్రొత్త చరణము చొప్పించుట వంటిదే. గ్రంథములో అక్షరములు పోయినచోట మనము చుక్కలు పెట్టి గ్రంథపాతమని వ్రాయుదుము గాని, మన కవిత్వము నతికింపము గదా.

అన్నిటికన్న తొందరగా చేయవలసిన పని వేరొకటి యున్నది. ఆట యొక్క ఆజ్ఞలన్నియు 2 కిలోబైట్ల చిప్పులు నాలుగింటిలో, అనగా మొత్తము 8 కిలోబైట్లలో ఇమిడియున్నవి. ఆ కాలపు యంత్రములలో పెక్కింట వాడిన ఒక తెగ చిప్పులకు నడుమ చిన్న కిటికీ యుండును. దానిగుండ అతినీలలోహిత కిరణములు సోకినచో లోని వ్రాత చెరగును. అందుకే దానిపై కాగితము నంటింతురు. ఆ కాగితమును పీకి పారవేయరాదు. కిరణములు సోకకున్నను దశాబ్దములు గడచిన కొలది వ్రాత క్షీణించును. కాబట్టి మొదట దానికి ప్రతి తీసి, మంచి ప్రతులతో అక్షరమక్షరము పోల్చి చూడవలెను. మన పండితులు పాఠాంతరములను చూచునదియు నిట్లే.

ధ్వనులు ఈ చిప్పులలో లేవు. వానిని వేరుగా కెపాసిటరులు మొదలైనవి గల పలక పుట్టించును. ఆట చక్కగా నడచుచు మూగగా నున్నచో, ముందుగా ఆ పలకను, దానికి వచ్చు తీగలను, స్పీకరును వెదకవలెను.

ఆటకు చిప్పు ఇంటెల్ 8080. అది సెకనులో 60వ వంతునకు ఒక్క శత్రువును మాత్రమే జరుపును. 55 మందియు నున్నపుడు దండంతయు ఒక అడుగు వేయుటకు ఇంచుమించు ఒక సెకను పట్టును. కూలినకొలది పని తగ్గి, మిగిలినవారి వేగము హెచ్చును. ఈ వేగవృద్ధి యంత్రశక్తి చాలకపోవుటచే కలిగినది. నిషికాడో దానిని మంచిదని ఉంచివేసెను. నేటి కంప్యూటరును లోపల పెట్టి ఆ మందగమనమును "బాగుచేసిన"చో, ఆట నశించును. మా దృష్టిలో అది బాగుచేయుట కాదు.

విద్యార్థులొక్క మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. పిక్చరు ట్యూబునందు విద్యుత్తు నాపిన తరువాతను వేల వోల్టుల పీడనము నిలిచియుండవచ్చును. శిక్షణ పొందిన పెద్దలు తప్ప ఎవరును దాని వెనుక చేయి పెట్టరాదు.

ఊడదీసిన పాత భాగమును పారవేయక, ఎచ్చటిదో ఎప్పుడు తీసినదో చీటీపై వ్రాసి సంచిలో ఉంచవలెను. క్రొత్తగా చేర్చిన అద్దము వెనుక, అది క్రొత్తదని తేదీతో సహా వ్రాయవలెను.