పరపతి సంఖ్య: రైతు లెరుగవలసిన సంగతులు

మన సంఘములకు మూలమైన మాట పరపతి. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టమునకు పూర్వమే, మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సను దొర జర్మనీ దేశపు రైఫైజెను సంఘములను పరిశీలించి, అట్టివి మనకును వలయునని నివేదించెను. ఆ సంఘముల బలమంతయు ఒక్క విషయమునందు గలదు. ఒక గ్రామస్థుని మరియొక గ్రామస్థు డెరుగును. ఎవడు మాట నిలుపుకొనును, ఎవడు ముఖము చాటువేయును అను సంగతి పంచాయతీదారులకు కాగితము చూడకయే తెలియుచుండెను.

నేడు అప్పు మంజూరు చేయువాడు మన ఊరిని చూచియుండకపోవచ్చును. బందరులో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు సైతము 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియను బ్యాంకులో కలిసిపోయినది. కావున మనిషిని ఎరుగుటకు మారుగా ఒక సంఖ్యను చూచుచున్నారు. 2005వ సంవత్సరపు చట్టము ననుసరించి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు కంపెనీలు ఈ లెక్కను వ్రాయుచున్నవి. సంఖ్య 300 మొదలు 900 వరకు ఉండును. 750కి పైబడినచో మంచిదని సాధారణముగా ఎంతురు.

ఈ సంఖ్య ఆస్తిని కొలుచునది కాదు. గుడివాడ ప్రాంతమున పది యెకరముల మాగాణి యున్నను, నందివాడలో చేపల చెరువున్నను, ఆ పుస్తకమున నవి కానరావు. తీసికొన్న అప్పు, వాయిదా తేదీ, చెల్లించిన తేదీ, మిగిలిన బాకీ, క్రొత్త అప్పులకై ఎన్నిచోట్ల అడిగితిమి అనునవే యందుండును. బంగారముపై తెచ్చిన అప్పును, మహిళా సంఘములో ఇల్లాలి పేర తీసిన అప్పును కూడ ఎక్కును. భర్త వాడుకొని కట్టని సొమ్మునకు భార్య లెక్క చెడుచున్నది. ఇది మిక్కిలి విచారకరము.

మన డెల్టాలో చిక్కు తేదీ దగ్గరనే వచ్చుచున్నది. సార్వా ధాన్యపు సొమ్ము సంక్రాంతి ముందు వెనుకలలో చేతికి వచ్చును. పంట రుణము గడువు తరువాతి నెలలలో నుండును. ఈ మధ్యకాలమున పెండ్లిండ్లు, దాళ్వా పెట్టుబడి, పాత చేబదుళ్లు వచ్చిపడును. కిసాన్ కార్డు ఖాతాలో సొమ్ము ముందుగా జమకట్టినచో నాటినుండియే ఆ మేరకు వడ్డీ తగ్గును. అవసరమైనప్పుడు పరిమితిలో మరల తీసికొనవచ్చును. మూడు లక్షల లోపు పంట రుణమునకు నూటికి 7 రూపాయల వడ్డీ. గడువులో చెల్లించినవానికి 3 రూపాయల తగ్గింపు. అనగా లక్ష రూపాయలకు ఏటికి 7,000 బదులు 4,000 మాత్రమే. ఒక్క దినము దాటినను ఈ మూడువేలు పోవుటయేగాక, ఆలస్యము పుస్తకమున పడును. ఆ వ్రాత ఏడేండ్లకు తక్కువ కాకుండ నిలువయుండును.

2014లో రుణమాఫీ ప్రకటన వచ్చినప్పుడు మాఫీ యగునని అనేకులు వాయిదాలు నిలిపివేసిరి. మాఫీ విడతలుగా వచ్చెను. నిలిపిన వాయిదాకు వడ్డీ పెరుగుచుండెను. మాఫీని కాదనమని మేము చెప్పుట లేదు. అది వచ్చువరకు తేదీ ఆగదు. అట్లే, బ్యాంకువారు కొంత తగ్గించి ఒక్కసారి కట్టుమన్నప్పుడు ఖాతా ముగియును గాని, పుస్తకమున ‘సెటిల్డ్’ అని పడును. పూర్తిగా తీర్చినవానికి పడు ‘క్లోజ్డ్’ అను మాటకును దీనికిని చాల భేదము గలదు. తరువాత అప్పిచ్చువాడు దానినే చూచును.

దివిసీమవారికి వేరొక మాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, దిగువ లంకభూములు మునిగినవి. అట్టి వైపరీత్యమును ప్రభుత్వము ప్రకటించినప్పుడు వాయిదాను మార్చి వ్రాయుటకు బ్యాంకులలో ఏర్పాటు గలదు. నాగాయలంక, కోడూరు ప్రాంతములవారు పొలము చూచి దుఃఖించి ఇంట కూర్చుండక, గడువు దాటకముందే దరఖాస్తు నిచ్చి రసీదు తీసికొనవలెను. అడగనివాని ఖాతా ఎగవేసినవాని ఖాతాతో సమానముగా కనబడు ప్రమాదము గలదు.

కౌలుదారు సంగతి యింతకంటె కష్టము. అప్పు భూయజమాని పేర వచ్చును. నాటువేసి, కోసి, సొమ్ము తీర్చువాడు వేరు. తీర్చిన కీర్తి యజమాని ఖాతాకు చేరును. కౌలుదారుని పేర ఒక్క అక్షరమైనను వ్రాయబడదు. 2019 చట్టము సాగుదారు హక్కు పత్రము నేర్పరచినను, దానికి యజమాని సంతకము వలసియుండుటచే అనేకులు పొందజాలరైరి. మా అభిప్రాయమున, నలుగురైదుగురు కౌలుదారులు ఉమ్మడి బాధ్యతా సంఘముగా చేరి, తమ పేరనే చిన్న అప్పైనను తీసి తేదీకి కట్టుట మేలు. లెక్క యచ్చటినుండియే మొదలగును. మునుపు అప్పు లేదన్న ఒక్క కారణముచేత మొదటి దరఖాస్తును త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశములలో తెలిపినది. కనీస సంఖ్య యింత యుండవలెనని అది విధింపలేదు. ఈ మాట కౌంటరువద్ద ధైర్యముగా చెప్పవచ్చును.

హామీ సంతకమును గూర్చి విస్తరింప నక్కరలేదు. బావమరిది కొరకు పెట్టినను, అతడు కట్టనిచో బాకీ మన పేరను నిలుచును.

ప్రతివాడును ఏటికొకసారి తన నివేదికను తెప్పించుకొని చూచుకొనవలెను. నాలుగు కంపెనీలును ఏటికొక్క నివేదికను ఉచితముగా నీయవలెనను నియమము 2017 నుండి గలదు. చదువుకొన్న కుమారుడో, సంఘ కార్యదర్శియో తెరచి చూపగలరు. ఆధారు, పాను సంఖ్యలను అపరిచితునికి మాత్రము చెప్పకూడదు. సంఖ్య పెంచుదుమని డబ్బడుగువారు మోసగాండ్రు. తీర్చిన అప్పు ఇంకను బాకీగా కనబడినను, ఎరుగని అప్పు తన పేర నున్నను, బ్యాంకునకును కంపెనీకిని ఫిర్యాదు వ్రాయవలెను. ముప్పది దినములలో సరిచేయనిచో ఆపైన దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారమునకు రైతు అర్హుడు. దీనికి ఋజువు కావలెను గనుక, అప్పు తీరిన నాడే ‘బాకీ లేదు’ అను పత్రమును అడిగి తీసికొని పట్టాదారు పుస్తకముతో కలిపి పెట్టెలో భద్రపరచవలెను.