నందన కఱవును వెదకిన విధము



పూర్వము చరిత్ర పరిశోధించువారు గ్రంథాలయములకు పోయి, బీరువాలు తెఱపించి, పుటలు త్రిప్పెడివారు. నేడు ఆ పుటలలో పెక్కింటికి ఛాయాచిత్రములు తీసి ఇంటర్నెట్టునందుంచినారు. 1996లో ఏర్పడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను సంస్థయొద్దనే పాత తెలుగు పుస్తకములు వేలకొలది గలవు. కంప్యూటరు ముందు కూర్చుండి ఒక మాట వ్రాసినచో, ఆ మాటగల పుస్తకముల పట్టిక క్షణములో వచ్చును. ఇంత సులువైనప్పుడు పాండిత్యముతో పనియేమి యని మీరడుగవచ్చును. ఒక యుదాహరణముతో బదులు చెప్పెదను.

గుంటూరు సీమలో 1832-33లో ఘోరక్షామము సంభవించి జనులు వేలకొలది మడిసిరి. దానినిగూర్చి తెలిసికొనగోరి నేను మొదట ‘కరువు’ అని వ్రాసితిని. దొరకినది స్వల్పము. యంత్రము అక్షరములను పోల్చి చూచును గాని, మన మనసులోని యర్థమును గ్రహింపదు. పాత పుస్తకములలో ఆ మాట బండి ఱతో ‘కఱవు’ అని యుండును. కొందఱు క్షామమనిరి, కొందఱు కాటకమనిరి. దొరతనమువారి ఇంగ్లీషు కాగితములలో మచిలీపట్టణము ‘మసూలిపటాం’ అయినది. గుంటూరు పేరును సయితము నేటి ఇంగ్లీషు అక్షరక్రమమున వ్రాయలేదు.

కావున పరిశోధకుడు ముందుగా ఇట్టి మాటలన్నియు ఒక కాగితముపై వ్రాసికొనును. వానిలో ఏదైన నొకటి యున్న పుస్తకములను చూపుమని యంత్రమును కోరును. పట్టిక మిక్కిలి పెరిగినచో, గుంటూరు పేరు కూడ నున్నవానినే చూపుమని వడపోయును.

మఱియొక చిక్కు గలదు. ఛాయాచిత్రమునుండి అక్షరములు గుర్తించుటలో యంత్రము తఱచు పొరబడును. అచ్చు చెదరినచోట గుణింతములు, ఒత్తులు తాఱుమాఱగును. కనుక మాట దొరకలేదని సంగతియే లేదనరాదు. అనుమానమున్న పుస్తకమును పుటపుటయు చదువవలసినదే.

ఇంత చేసియు నేనొక మాట మఱచితిని. దానిని మా యూరి వృద్ధులొకరు అందించిరి. “అది నందన కఱవు గదా, నాయనా!” అనిరి. ఆ పేరుతో వెదకగా క్రొత్త త్రోవ తెఱచుకొన్నది. అయితే నందన 60 ఏండ్లకొకమాఱు వచ్చును. 1892-93 కూడ నందనయే. ఏ నందనయో తెలియుటకు ముందువెనుక వాక్యములు చదువక తప్పలేదు. ఇట్లే 1876లో మొదలైన మహాక్షామమును మనవారు ధాత కఱవనిరి. ఆ పేరెఱుగనివానికి ఆ పేరుతో వ్రాసిన పుటలు కనబడవు.

అయ్యలారా, మీ మనుమడో మనుమరాలో ఇట్టి పని పూనినచో, సంవత్సరముల పేర్లు, ఊళ్ల పాతపేర్లు, కొలతల పేర్లు చెప్పి వ్రాయింపుడు. ఆ మాటలు మీతోడనే పోయినచో, పుస్తకములు యంత్రమునందుండియు లేనట్లే యగును.