ఆఖరి మెట్రో వెళ్లాక షాట్ రెడీ

మూసారాంబాగ్‌లో డైలాగు శుభ్రంగా రికార్డు కావాలంటే అర్ధరాత్రి దాటాలి. పైన మెట్రో, కింద బస్సులు, గల్లీల్లో తోపుడుబండ్ల మైకులు. ఆఖరి రైలు వెళ్లిపోయాకే షార్ట్ ఫిల్ము తీసేవాళ్లకు పని మొదలు. కిటికీలకు దుప్పట్లు కడతారు. ఫ్యాను ఆపుతారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తారు, ఎందుకంటే మన చెవి పట్టించుకోని ఆ గుర్రుమనే చప్పుడు కాలర్ మైకుకు బ్రహ్మాండంగా వినపడుతుంది. ప్లగ్గు పీకినవాడు తన బండి తాళం తెచ్చి ఆ ఫ్రిజ్‌లోనే పెడతాడు. ప్యాకప్ అయ్యాక తాళం కోసం తలుపు తీయక తప్పదు, అప్పుడు ప్లగ్గు గుర్తుకొస్తుంది. మర్చిపోయాడా, పొద్దున్నే ఇల్లిచ్చిన ఆంటీ పాలు విరిగిన గిన్నెతో ఎదురవుతుంది. మర్నాటి సీనుకు ఇల్లుండదు.

సినిమావాళ్ల హైదరాబాద్ అంటే కృష్ణానగర్, యూసఫ్‌గూడ, ఫిలింనగర్. అసిస్టెంట్ డైరెక్టర్ల అద్దె గదులూ ఆఫీసులూ ఆ వైపే. విజయవాడ హైవే మీద నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు దిగేవాళ్లకు మాత్రం మొదట తగిలేది ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్. కోచింగుకని వచ్చి హాస్టల్లో చేరినవాడు, పక్క మంచం వాడి దగ్గర కెమెరా ఉందని తెలిసి కథ రాసుకున్నవాడు, పగలు ఉద్యోగం చేసి శనివారం రాత్రి షూటింగు పెట్టుకునేవాడు ఈ వైపు ప్రతి గల్లీలో కనిపిస్తారు. వాళ్లతో టీ తాగుతూ కూర్చుంటే సినిమా ఎలా తీశారన్నది అరగంటలో అయిపోతుంది. తీసిన సినిమాను ఏం చెయ్యాలన్న మాట దగ్గర మాత్రం గంటలు గడుస్తాయి.

పన్నెండు నిమిషాల సినిమా చేతిలో ఉంది. ఇంటి నుంచి, ఊరి నుంచి ఒకటే ప్రశ్న: "యూట్యూబ్‌ల ఎప్పుడు పెడ్తున్నవ్ తమ్మీ?" పెట్టేస్తే అందరూ ఈ రాత్రికే చూస్తారు. కానీ పెట్టిన క్షణం నుంచి కొన్ని పెద్ద ఫెస్టివల్స్ తలుపులు మూసుకుపోతాయి. కాన్ పోటీ విభాగానికి పంపాలంటే ఆ సినిమా అప్పటికి ఇంటర్నెట్‌లో ఎక్కడా ఉండకూడదు. అందుకని ఏడాది ఆగాలి. ఈలోపు నటించిన పిల్ల ఫోన్ చేస్తుంది, "అన్నా, మా అమ్మకు చూపించొద్దా?" అని. డబ్బులు పెట్టిన స్నేహితుడు ఏమీ అనడు, కానీ ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు. సినిమా తీసిన నాలుగు రాత్రుల కంటే ఈ ఏడాదే కష్టమని ఈ పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. నేను ఆగమనే వాళ్ల వైపే. యూట్యూబ్ ఎక్కడికీ పోదు. మొదటిసారి చీకటి గదిలో, ముఖం తెలియని యాభై మంది మధ్య సినిమా ఆడే అవకాశం మాత్రం ఒక్కసారి జారితే తిరిగి రాదు.

అయితే ఎక్కడికి పంపుతున్నామో తెలిసి పంపాలి. మనవాళ్లలో 'కాన్‌కు వెళ్లింది' అన్న మాట చాలా వదులుగా తిరుగుతోంది. కాన్‌లో పోటీ వేరు, షార్ట్ ఫిల్మ్ కార్నర్ వేరు. కార్నర్ 2004లో మొదలైంది. ఫీజు కట్టి సినిమాను నమోదు చేసుకుంటే అక్కడికి వచ్చే కొనుగోలుదారులు, ఇతర ఫెస్టివల్స్ ఎంపికదారులు చూసుకునే సంతగా అది నడిచింది. సంతలో సరుకు పెట్టడం చిన్నతనమేమీ కాదు. నాగ్ అశ్విన్ 'యాదోంకీ బారాత్' 2013లో అక్కడికి వెళ్లింది. 2014లో తరుణ్ భాస్కర్ 'అనుకోకుండా' వెళ్లింది. ఇద్దరూ ఆ తర్వాత ఏం చేశారో అందరికీ తెలుసు. సంతను సంతగా వాడుకుంటే మేలే. పోస్టరు మీద దాన్ని బహుమతిలా అచ్చేసుకుంటేనే నష్టం, ఎందుకంటే తెలిసినవాడు ఆ పోస్టరు చూసి మిగతా మాటలు కూడా నమ్మడు.

ఇంతకంటే బాధ పెట్టేది మరొకటుంది. ఫిల్మ్‌ఫ్రీవే లాంటి వేదికల నిండా నెలనెలా అవార్డులు పంచే పేర్లున్నాయి. డాలర్లలో ఫీజు, రెండు వారాల్లో ఈమెయిల్, పోస్టరు మీద అతికించుకోవడానికి రెండు ఆకుల కొమ్మల గుర్తు. ఎక్కడా తెర ఉండదు, కుర్చీ ఉండదు, చూసేవాడుండడు. హాస్టల్ ఫీజులో మిగిల్చిన డబ్బు అలా పోతుంది. పంపేముందు మూడు విషయాలు చూడమని అనుభవమున్నవాళ్లు కొత్తవాళ్లకు చెబుతున్నారు: నిరుడు ఏ హాల్లో వేశారు, జ్యూరీలో ఎవరున్నారు, ఆడిన సినిమాల్లో ఒక్కటైనా మనం చూసిందా. ఈ మూడింటికీ జవాబు లేని చోటికి రూపాయి కూడా పంపొద్దు. జర్మనీలో ఒబర్‌హౌజన్ 1954 నుంచి నడుస్తోంది, ఫ్రాన్సులో క్లెర్మాఁ ఫెరాఁ 1979 నుంచి. అక్కడ తిరస్కరణ వచ్చినా పోయిందేమీ లేదు, కనీసం ఎవరో ఒకరు చూసి కాదన్నారు.

'అనుకోకుండా' సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. అది 48 గంటల ఫిల్మ్ ప్రాజెక్టు కోసం తీసిన సినిమా. 2001లో వాషింగ్టన్‌లో పుట్టిన పోటీ అది. శుక్రవారం సాయంత్రం చీటీ తీస్తే ఏ రకం సినిమానో తెలుస్తుంది. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగు వాళ్లే ఇస్తారు. ఊళ్లోని జట్లన్నిటికీ ఆ మూడూ ఒకటే. ఆదివారం సాయంత్రానికి నాలుగు నుంచి ఏడు నిమిషాల సినిమా చేతికివ్వాలి. హైదరాబాద్ పోటీలో ఆ సినిమా ఉత్తమ చిత్రమైంది, రీతూ వర్మ ఉత్తమ నటి అయింది. ఆ దర్శకుడూ ఆ నటీ కలిసి చేసిన 'పెళ్ళి చూపులు' 2016లో వచ్చింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. డబ్బింగ్ లేకుండా సింక్ సౌండ్‌తో తీసిన సినిమా అది. అందులో మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకే అలవాటు అక్కడిదాకా తీసుకెళ్తుంది.

ఇక్కడే నాకో అభ్యంతరం ఉంది. షార్ట్ ఫిల్మ్ దర్శకుణ్ని పరిచయం చేస్తే ఎదుటివాళ్ల మొదటి మాట 'పెద్ద సినిమా ఎప్పుడు?' కథా రచయితను నవల ఎప్పుడని నిలదీస్తామా? చాసో జీవితమంతా కథలే రాశారు. ఆయనకేం తక్కువైంది? పది నిమిషాల్లో మాత్రమే చెప్పగలిగే సంగతులుంటాయి. వాటిని రెండు గంటలకు సాగదీస్తే చస్తాయి. నిర్మాతకు చూపించే శాంపిల్‌గా తీసిన సినిమా చూడగానే తెలిసిపోతుంది: అవసరం లేని డ్రోన్ షాటు, ఒక ఫైటు, ఒక పాట, చివర్లో ఒక మలుపు. కథ కోసం తీసినదాంట్లో ఇవేవీ కనబడవు.

2024లో కాన్ విద్యార్థి చిత్రాల విభాగం లా సినెఫ్‌లో మొదటి బహుమతి మన పక్కింటికే వచ్చింది. మైసూరు కుర్రాడు, డాక్టరు చదివిన చిదానంద ఎస్. నాయక్, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ టెలివిజన్ విభాగంలో ఏడాది కోర్సు చేస్తూ తీసిన 16 నిమిషాల కన్నడ సినిమా అది. ఒక ముసలమ్మ ఊరి కోడిపుంజును ఎత్తుకుపోతుంది, దాంతో ఊరికి తెల్లవారడం ఆగిపోతుంది. మన నాయనమ్మలు చెప్పే కథే. ప్రపంచానికి అర్థమయ్యేలా ఉండాలని ఊరూ పేరూ లేని కథలు రాసుకునే మనవాళ్లు దాని గురించి ఆలోచించాలి.

ఆ లెక్కన మూసారాంబాగ్‌లో కథలకు కరువా? అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం సైన్యాన్ని నడిపి 1798లో ఇక్కడే కన్నుమూసిన ఆయన పేరే నోళ్లలో నాని ఈ పేటకు అమరింది. మూసీకి నీళ్లొస్తే అంబర్‌పేట వంతెన మీద రాకపోకలు ఆగిపోయేవి, అవతలి ఒడ్డున కళ్లకు కనిపించే ఇంటికి చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది. రిజల్టు వచ్చిన రాత్రి హాస్టల్ మేడ మీద ఎవరు నిద్రపోతారు, ఎవరు పోరు? ఇవన్నీ పది నిమిషాల సినిమాలే.

సినిమా చూపించే చోటు కోసం ఇక్కడి వాళ్లు మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగుతారు. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేరున్న చిన్న ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి మూకీల కాలంలోనే బొంబాయిలో హీరో అయిన ఆ జైరాజ్‌కు 1980లో ఫాల్కే అవార్డు వచ్చింది. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ మామిడి హరికృష్ణ సారథ్యంలో 2016లో అక్కడ 'సినివారం' మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం యువ దర్శకుల సినిమా వేసి, దీపాలు వెలిగాక దర్శకుణ్ని ముందు నిలబెట్టి ప్రేక్షకులతో మాట్లాడించడం దాని పద్ధతి. కామెంట్లలో 'సూపర్ బ్రో' అన్నవాడు అక్కడ లేచి ఆ అమ్మాయి ఎందుకు వెళ్లిపోయిందో అర్థం కాలేదంటాడు. ఆ రాత్రే రెండు నిమిషాలు కట్ అయి సినిమా బాగుపడుతుంది. పెద్ద ఫెస్టివల్‌కు పంపాల్సింది ఆ తర్వాతి కాపీని.

అలాంటి గదులు పెరగాల్సింది పోయి తగ్గుతున్నాయి. హైదరాబాద్ శాశ్వత వేదికగా ఉన్న అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం 2017 తర్వాత జరగలేదు. దాన్ని నిర్వహించిన బాలల చిత్ర సమితి 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. పిల్లలే తీసిన సినిమాలకు అందులో ప్రత్యేక విభాగం ఉండేది. ఇప్పుడు పదో తరగతి పిల్ల ఫోనులో సినిమా తీస్తే తెర మీద చూపించడానికి ఊళ్లో అంత పెద్ద పండగ లేదు.

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఎన్నో కాలేజీలున్నాయి. వాటిలో సెమినార్ హాలు, ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు ఉండనే ఉన్నాయి, శనివారం సాయంత్రం తాళం వేసి ఉంటాయి. కిటికీలకు కట్టే దుప్పట్లు కుర్రాళ్ల దగ్గర ఎలాగూ సిద్ధం. నెలకో సాయంత్రం నాలుగు సినిమాలు, వాటి దర్శకులు, ప్రశ్నలడిగే ఓ యాభై మంది చాలు. కావాల్సింది ప్రిన్సిపాల్ సంతకంతో ఒక పర్మిషన్ లెటరు.